రెండేళ్లుగా అదే కొలత: మా పెద్దమ్మాయి ఎందుకు ఎదగడం లేదు?

చిత్రావతి అమ్మ (అనంతపురం) · జూన్ 16, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఈ వేదికలో చదవడమే తప్ప రాసింది లేదు. ఇవాళ మనసు ఆగక రాస్తున్నాను.

మాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయికి ఏప్రిల్‌లో 11 నిండాయి, ఆరో తరగతి. చిన్నమ్మాయికి 9. బడులు తెరిచారని యూనిఫాం కుట్టించడానికి ఇద్దరినీ గడియారస్తంభం దగ్గరున్న టైలర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఏళ్లుగా మా ఇంటికి కుడుతున్నాడు. పెద్దమ్మాయికి టేపు పెట్టి చూసి, తన పాత కొలతల పుస్తకం తిరగేసి, "అమ్మా, పొడవు రెండేళ్ల కిందటిదే. నడుము మాత్రం రెండంగుళాలు పెరిగింది" అన్నాడు. తర్వాత చిన్నదానికి కొలిస్తే అక్క కన్నా పొడవు వచ్చింది. పక్కనే నిలబడ్డ పెద్దది తల వంచుకుంది. ఆ క్షణం నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

మా అత్తగారు "మీ అమ్మ పొట్టి, దానికి ఆమె పోలికే వచ్చింది" అంటారు. మావారు "పెద్దమనిషి అయ్యేటప్పుడు ఒక్కసారిగా పెరుగుతుందిలే" అంటారు. పక్కింటివాళ్లు ఏదో పొడి పాలల్లో కలిపి పట్టమంటున్నారు. పిల్ల చదువులో బాగానే ఉంది, తిండీ తింటుంది. ఇది డాక్టరుకు చూపించాల్సిన విషయమేనా, లేక నేనే అనవసరంగా భయపడుతున్నానా?

గుంతకల్లు పెద్దాయన · జూన్ 16, రాత్రి 11:05

అమ్మా, కంగారు పడకు. అందరూ ఒకే ఎత్తు ఉండాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. మా చిన్న తమ్ముడు పదో తరగతి దాకా నా భుజం దాటలేదు, తర్వాత నన్నే మించిపోయాడు. జొన్నరొట్టె, రాగి సంగటి, పప్పు, గుడ్డు కడుపునిండా పెట్టు. పరీక్షల పేరుతో పసిదానికి సూదులు పొడిపించి, నీలో ఏదో లోపం ఉందన్న మాట దాని మనసులో నాటవద్దు. పెద్దవాడిగా చెబుతున్నాను.

వ్యాయామం మాస్టారు (ప్రొద్దుటూరు) · జూన్ 17, ఉదయం 6:10

పెద్దాయన చెప్పిన తమ్ముడిలాంటివాడినే నేను. తొమ్మిదో తరగతి వరకు ప్రార్థన వరుసలో మొదటి స్థానం నాదే. ఇంటర్‌లో చేరాక ఎదిగాను. మా నాన్నదీ ఇదే కథ. కాబట్టి ఆయన మాటలో నిజం ఉంది. కానీ ఒక్క తేడా గమనించండి. నేను పొట్టిగానే ఉన్నా ఏటా నా నిక్కర్లు బిగుతయ్యేవి, పొడవు చాలకపోయేవి. అంటే నెమ్మదిగానైనా పెరుగుతూనే ఉన్నాను. మీ అమ్మాయి విషయంలో టైలర్ చెప్పింది వేరు. రెండేళ్లలో పొడవు మారలేదంటే అది పోలిక కాదమ్మా.

ముందు సరిగ్గా కొలవండి. చెప్పులు తీసి, జడలు విప్పించి, మడమలు, పిరుదులు, వీపు గోడకు ఆనేలా నిలబెట్టండి. చూపు నేరుగా ఉండాలి. తల మీద టేపు కాదు, అట్టపుస్తకం పెట్టండి. పుస్తకం గోడకు అతుక్కొని సమంగా ఉండాలి, దాని అడుగు అంచు దగ్గర గీత గీయండి. ఎప్పుడు కొలిచినా ఒకే వేళ కొలవండి. పొద్దున లేచినప్పటికీ సాయంత్రానికీ సుమారు ఒక సెంటీమీటరు తేడా వస్తుంది. ఏటా వందల మంది పిల్లలకు కొలుస్తాను, మూడొంతుల తప్పులు జుట్టు దగ్గరే జరుగుతాయి.

పిల్లల వైద్యుడు (కడప) · జూన్ 17, మధ్యాహ్నం 2:45

చిత్రావతి అమ్మ గారూ, చూపించాల్సిన విషయమే. భయంతో కాదు, ఆలస్యం చేయకుండా.

పుట్టినప్పుడు బిడ్డ సుమారు 50 సెంటీమీటర్లు ఉంటుంది. మొదటి ఏడాదిలో 25 వరకు, రెండో ఏడాదిలో 10 నుంచి 12 పెరుగుతుంది. నాలుగేళ్ల తర్వాత, యుక్తవయసు మొదలయ్యే దాకా ఏటా 5 నుంచి 6 సెంటీమీటర్లు పెరగాలి. ఆ వయసులో ఏడాదికి 4 కన్నా తక్కువ పెరుగుతుంటే కారణం వెతకాల్సిందే. బిడ్డ ఎంత ఎత్తు ఉంది అన్నదాని కన్నా, ఎంత వేగంతో పెరుగుతోంది అన్నదే మాకు ఎక్కువ చెబుతుంది. వందలో ముగ్గురు పిల్లలు ఎలాగూ వయసుకు తగ్గ ఎత్తులు చూపే ఎదుగుదల పట్టికలో అడుగు గీత కింద ఉంటారు. వాళ్లలో చాలామంది ఆరోగ్యవంతులే, అమ్మానాన్నలే పొట్టివాళ్లు, లేదా మాస్టారిలా ఆలస్యంగా విచ్చుకునేవాళ్లు. మరోవైపు, పట్టిక మధ్యలో ఉన్న పిల్ల ఏటేటా కిందికి జారుతుంటే, ఇంకా పొట్టిగా కనిపించకపోయినా ఏదో అడ్డుపడుతోందని అర్థం.

మీరు ఇప్పుడు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఆరోగ్య కార్డులోనో, బడి రికార్డులోనో, గోడ మీదో పాత కొలతలు దొరికితే అన్నీ తారీఖులతో రాయండి. మీ ఇద్దరి ఎత్తులు కొలుచుకోండి. రెండూ కలిపి సగం చేసి, ఆడపిల్లకైతే అందులోంచి 6.5 తీసేయాలి, మగపిల్లవాడికైతే 6.5 కలపాలి. ఆ ఇంటి పిల్లలు సాధారణంగా ఆ అంకెకు అటూఇటుగా ఎదుగుతారు. ఆ తర్వాత నాకు కొన్ని జవాబులు కావాలి: మలబద్ధకం ఉందా? చలి ఎక్కువగా అంటుందా? తలనొప్పి, చూపు మందగించడం ఉన్నాయా? బరువు తగ్గిందా, పెరిగిందా? ఆయాసానికో, కీళ్లనొప్పులకో ఏదైనా మందు ఎక్కువకాలం వాడారా?

పొడులు మాత్రం వద్దు.

చిత్రావతి అమ్మ (అనంతపురం) · జూన్ 17, రాత్రి 9:30

డాక్టరు గారూ, మీ ప్రశ్నలు చదువుతుంటే నాకు వెన్ను జలదరించింది.

మా వంటింటి ద్వారబంధం మీద పుట్టినరోజులకు పెన్సిల్‌తో గీతలు గీసే అలవాటు ఉంది. పిల్లల సరదాకే తప్ప ఎప్పుడూ లెక్క చూసుకోలేదు. ఇవాళ టేపు పెట్టి చూశాను. పెద్దమ్మాయిది 8 నిండినప్పుడు 118, 9కి 121.5, 10కి 123, ఈ ఏప్రిల్‌లో 124. మూడేళ్లలో 6 సెంటీమీటర్లు. కిందంతా గీతలు విడివిడిగా ఉండి, పైన మూడు ఒకదానికొకటి ఆనుకున్నట్లు ఉన్నాయి. రోజూ ఆ గుమ్మంలోంచే అటూ ఇటూ తిరుగుతున్నాను, ఒక్కసారి కూడా కనిపించలేదు. చిన్నదానిది ఇప్పుడు 129.

మావారు 168, నేను 154. మీ లెక్క ప్రకారం 154.5 వచ్చింది. అంటే అది నా అంత కావాల్సిన పిల్ల.

మలబద్ధకం ఉంది, మూడు రోజులకొకసారి వెళుతుంది. అరటిపండు తినమని కోప్పడుతుంటాను. చర్మం పొడిబారి పొట్టు రాలుతుంది. ఇక చలి సంగతి. మన అనంతపురంలో మే నెల ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. ఆ ఎండల్లో రాత్రి అందరం ఫ్యాన్ కింద చెమటలు కక్కుతుంటే అది దుప్పటి కప్పుకొని "అమ్మా, ఫ్యాన్ తగ్గించు" అంటుంది. రెండేళ్లుగా అంటోంది. చెల్లెలితో గొడవ పెట్టుకోవడానికే అలా చేస్తోందని తిట్టాను కూడా.

హంద్రీ నాన్న (కర్నూలు) · జూన్ 17, రాత్రి 11:50

అక్కా, మీరు తప్పు చేశానని బాధపడవద్దు. మా వాడికి ఆరేళ్లు వచ్చే దాకా మేమూ "తాత పోలిక" అనుకుంటూనే కూర్చున్నాం.

మావాడిది పెరుగుదల హార్మోను లోపం. ఎల్‌కేజీ పిల్లల మధ్య నిలబెట్టినా కలిసిపోయేవాడు. పరీక్ష కోసం హైదరాబాద్ వెళ్లాం. ఒక్కసారి రక్తం తీసి ఈ హార్మోను చూస్తే ఏమీ తెలియదట, అది రోజంతా ఉండదు, ఎక్కువగా నిద్రలో ఊరుతుంది. అందుకని పరగడుపున ఒక మాత్ర ఇచ్చి, చేతికి సూది అలాగే ఉంచి, అరగంటకొకసారి రెండు గంటలు రక్తం తీశారు. మాత్రతో బీపీ తగ్గి వాడు నా ఒళ్లో మగతగా పడుకున్నాడు. తర్వాత తలకు ఎంఆర్ఐ చేస్తే, మెదడు అడుగున ఉండి ఈ హార్మోను తయారుచేసే పిట్యుటరీ గ్రంథి చిన్నదిగా ఉందన్నారు.

ఇప్పుడు మూడేళ్లుగా రోజూ రాత్రి ఎనిమిదిన్నరకు ఇంజెక్షన్. పెన్నులా ఉంటుంది, డయల్ తిప్పి డోసు పెట్టుకోవాలి. ఒకరోజు కుడి తొడ, ఒకరోజు ఎడమ తొడ, ఒకరోజు పొట్ట. మొదటి ఏడాది 10 సెంటీమీటర్లు పెరిగాడు. ఖర్చు నెలకు వేలల్లో ఉంటుంది, బరువు పెరిగేకొద్దీ డోసూ పెరుగుతుంది. మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. తొలి రోజుల్లో ఫ్రిజ్‌లో ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనుకొని ఐసు అరకు ఆనించి పెట్టాను. తెల్లారేసరికి గడ్డకట్టింది. గడ్డకట్టిన మందు కరిగినా పనికిరాదు. ఆ నెల మందంతా పారబోశాను. అందుకే చెబుతున్నాను, ఎవరైనా మొదలుపెడితే తలుపు దగ్గర కాదు, ఐసు దగ్గర కాదు, మధ్య అరలో డబ్బాలో పెట్టండి.

మీ అమ్మాయిది ఇదే అని నేను అనడం లేదు. చలి, మలబద్ధకం అంటే నాకూ థైరాయిడే తట్టింది.

(తొలగించిన టపా) · జూన్ 18, ఉదయం 8:15

నిర్వాహకుల సూచన: ఎత్తు పెంచే పొడి అంటూ ఫోన్ నంబరు పెట్టిన టపాను తీసేశాం. పిల్లల ఆరోగ్యం మీద ఇక్కడ ఎవరూ వ్యాపారం చేయరాదు.

నల్లమల చెల్లి (కర్నూలు) · జూన్ 18, ఉదయం 9:00

తీసేసినందుకు నిర్వాహకులకు దండం పెడుతున్నాను. మా బాబుకు ఆయాసం. ఒకచోట ఇచ్చిన గోధుమరంగు పొడి పొట్లాలు రెండేళ్లు వాడాం. ఆయాసం మంత్రం వేసినట్లు తగ్గేది. ముఖం గుండ్రంగా నిండింది, బుగ్గలు ఎర్రబడ్డాయి, చూసినవాళ్లంతా "బొద్దుగా అయ్యాడు" అని మెచ్చుకున్నారు. ఎత్తు మాత్రం రెండేళ్లలో 3 సెంటీమీటర్లే. పిల్లల డాక్టరు చూసీ చూడగానే అందులో స్టెరాయిడ్ ఉందని అనుమానపడ్డారు. మేం భయపడి ఆ రోజే పొడి మానేయబోతే గట్టిగా వారించారు. స్టెరాయిడ్ లాంటి హార్మోను మన ఒంట్లోనూ తయారవుతుందట, బయటి నుంచి వస్తుంటే ఒంట్లో గ్రంథులు ఆ హార్మోను తయారు చేయడం మానేస్తాయట, ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుందట. కొలిచి ఇచ్చిన మాత్రలతో నెలల తరబడి నెమ్మదిగా తగ్గించారు. ఆయాసానికి ఇప్పుడు పీల్చే మందు వాడుతున్నాం. వాడు మళ్లీ ఎదుగుతున్నాడు.

తాడిపత్రి రవ్వ · జూన్ 18, సాయంత్రం 6:40

మాది వ్యతిరేక సమస్య. పాపకు ఏడున్నరేళ్లు, ఛాతీ మొదలైంది. తరగతిలో అందరి కన్నా పొడవు. మా అమ్మ బ్రాయిలర్ కోడి తినిపించినందుకే అంటోంది. ఇంట్లో కోడికూర మానేశాం. ఇది ఇక్కడ అడగవచ్చా?

పిల్లల వైద్యుడు (కడప) · జూన్ 18, రాత్రి 9:10

అడగవచ్చు. ఆడపిల్లల్లో 8 ఏళ్ల లోపు, మగపిల్లల్లో 9 ఏళ్ల లోపు యుక్తవయసు మార్పులు మొదలైతే చూపించాలి. కోడిని నిందించకండి. బ్రాయిలర్ కోడి త్వరగా పెరిగేది దాని జాతి వల్ల, మేత వల్ల. అధిక బరువుకూ త్వరగా పెద్దమనిషి కావడానికీ మాత్రం సంబంధం ఉంది. మీ పాప వయసు ఆడపిల్లల్లో చాలాసార్లు వెతికినా జబ్బు కనిపించదు. మగపిల్లల్లో అలా కాదు, మెదడులో కారణం ఉండే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు పొడవుగా ఉందని ఊరుకోకండి. ఎముకల చివర ఎదిగే భాగం త్వరగా మూసుకుపోతే చివరికి పొట్టిగా మిగిలిపోతుంది. ఎడమ చేతి ఎక్స్‌రే తీస్తే ఎముకల వయసు తెలుస్తుంది. అవసరమైన పిల్లలకు నెలకో, మూడు నెలలకో ఒక ఇంజెక్షన్‌తో ఈ మార్పులను కొంతకాలం ఆపుతారు. ఆపేశాక తిరిగి మామూలుగా సాగుతాయి. తలనొప్పి, వాంతులు, చూపులో తేడా ఉంటే వారం కూడా ఆగవద్దు. మిగతాది వేరే చర్చగా పెడితే వివరంగా రాస్తాను.

ఆదోని అమ్మాయి · జూన్ 19, రాత్రి 12:30

చిత్రావతి అక్కా, రెండు రోజులుగా రాయాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.

నాకు 27 ఏళ్లు. నాకు టర్నర్ సిండ్రోమ్. ఆడవాళ్లకు రెండు ఎక్స్ క్రోమోజోములు ఉంటాయి, నాకు ఒకటే ఉంది. 2,000 నుంచి 2,500 మంది ఆడపిల్లల్లో ఒకరు ఇలా పుడతారట. తల్లి తప్పూ కాదు, తండ్రి తప్పూ కాదు. నేను పుట్టినప్పుడు పాదాలు ఉబ్బి ఉండేవని అమ్మ చెబుతుంది. చిన్నప్పుడంతా చెవి కారేది. ప్రతిదానికీ విడివిడిగా మందు వేశారు, ఎవరూ కలిపి చూడలేదు. 16 ఏళ్లు వచ్చినా పెద్దమనిషిని కాకపోతే అప్పుడు తీసుకెళ్లారు. అంతకుముందు మూడేళ్లు గుళ్లూ గోపురాలూ తిప్పారు.

రక్తపరీక్ష ఫలితం వచ్చిన రోజు డాక్టరు నన్ను బయట కూర్చోబెట్టి అమ్మానాన్నలతో మాట్లాడారు. అమ్మ ఏడుస్తూ బయటికి వచ్చింది. ఏమైందని అడిగితే "ఏం లేదు" అంది. నేను చచ్చిపోతానేమో అనుకొని నెల రోజులు రాత్రుళ్లు మేలుకొని ఉన్నాను. నా జబ్బు పేరు నాకు తెలిసింది రెండేళ్ల తర్వాత, ఫైలు దొంగతనంగా తెరిచి చూస్తే. పేరు తెలిశాకే నిద్ర పట్టింది.

గుండెకు, కిడ్నీలకు స్కాన్‌లు చేశారు, అవి బాగున్నాయి. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను మాత్రలు వాడుతున్నాను. ఎత్తు 138 దగ్గర ఆగిపోయింది. చిన్నప్పుడే తెలిసి ఉంటే పెరుగుదల హార్మోనుతో ఇంకొంత పెరిగేదాన్నట. ఉద్యోగం చేసుకుంటున్నాను, నా కాళ్ల మీద నేను నిలబడ్డాను.

ఆడపిల్ల కారణం తెలియకుండా పొట్టిగా ఉంటే ఈ క్రోమోజోముల పరీక్ష అడగండి. ఫలితం ఏదైనా మీ అమ్మాయికి చెప్పండి. 11 ఏళ్ల పిల్లకు అర్థమవుతుంది. పెద్దాయన గారూ, మీరు మంచి మనసుతోనే అన్నారు. కానీ పరీక్ష చేయించకపోయినా లోపం ఉందన్న మాట నా మనసులో నాటుకుంది. వీధిలో ప్రతి ఒక్కరూ నాటారు.

గుంతకల్లు పెద్దాయన · జూన్ 19, ఉదయం 7:20

అమ్మాయీ, నీ మాట నాకు తగిలింది. నేను అన్నది వెనక్కి తీసుకుంటున్నాను. చిత్రావతి తల్లీ, వెంటనే చూపించు.

చిత్రావతి అమ్మ (అనంతపురం) · జూన్ 27, సాయంత్రం 5:15

ఇక్కడి పిల్లల డాక్టరు రాసిన పరీక్షలు వచ్చాయి. థైరాయిడ్‌ను పనిచేయమని పురమాయించే హార్మోను టీఎస్‌హెచ్ 100 దాటింది, అంటే చాలా ఎక్కువ. థైరాయిడ్ తయారుచేసే హార్మోను టీ4 బాగా తక్కువ. థైరాయిడ్ మీద సొంత రక్తకణాలే దాడి చేస్తున్నాయని తెలిపే పరీక్ష కూడా ఎక్కువ వచ్చింది. ఎముకల వయసు 8 ఏళ్లు అన్నారు. మెడ దగ్గర చిన్న వాపు ఉందని చేత్తో తడిమి చూపించారు. నేను రోజూ జడ వేస్తాను, నాకు తెలియలేదు. క్రోమోజోముల పరీక్షకూ ఇచ్చాం.

ఇంటికి రాగానే దానికి చెప్పాను. "మెడలో సీతాకోకచిలుక ఆకారంలో ఒక గ్రంథి ఉంది, అది అలసిపోయింది, దాని పని ఈ మాత్ర చేస్తుంది" అన్నాను. అది కాసేపు ఆలోచించి "అయితే ఫ్యాన్ సంగతి నేను అబద్ధం చెప్పలేదు కదా" అంది. నాకు మాట రాలేదు.

పిల్లల వైద్యుడు (కడప) · జూన్ 27, రాత్రి 8:40

ఎముకల వయసు వెనకబడి ఉండటం ఇక్కడ మేలే, ఎదగడానికి ఇంకా సమయం మిగిలి ఉందని అర్థం. థైరాయిడ్ మందగించిన పిల్లలు బడిలో నెమ్మదిగా, బుద్ధిగా ఉంటారు, మార్కులు తగ్గకపోవచ్చు. అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఇన్నేళ్ల లోపం కాబట్టి మీ డాక్టరు తక్కువ డోసుతో మొదలుపెట్టి పెంచవచ్చు, తొందరపడి మీరు పెంచకండి.

మాత్ర పొద్దున పరగడుపున, నీళ్లతోనే. పాలు, రాగిజావ కనీసం అరగంట ఆగాకే. బడిలో వారానికొకసారి ఐరన్ మాత్ర ఇస్తారు కదా, దానికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి, మధ్యాహ్న భోజనం తర్వాత వేసుకుంటే సరిపోతుంది. కాల్షియం మాత్రలకూ ఇదే మాట. మొదటి నెలల్లో అల్లరి పెరగవచ్చు, చదువు మీద ధ్యాస తగ్గవచ్చు, జుట్టు రాలవచ్చు. భయపడి మందు ఆపకండి.

దగ్గర్లో హార్మోన్ల నిపుణులు లేరని ఆగిపోయేవాళ్లకు ఒక మాట. కర్నూలు పెద్దాసుపత్రిలోనూ, తిరుపతి స్విమ్స్‌లోనూ ఎండోక్రైనాలజీ విభాగాలు ఉన్నాయి. అనంతపురం వాళ్లకు బెంగళూరులోని ఇందిరాగాంధీ బాలల ఆరోగ్య సంస్థ కూడా అందుబాటులోనే ఉంది.

చిత్రావతి అమ్మ (అనంతపురం) · డిసెంబర్ 29, రాత్రి 9:00

చాలామంది సందేశాలు పంపి అడుగుతున్నారు, అందుకే రాస్తున్నాను. క్రోమోజోముల పరీక్ష మామూలుగానే వచ్చింది. మొన్న కొలిస్తే 129.5. ఆరు నెలల్లో 5 సెంటీమీటర్లకు పైగా. డాక్టరు గారు అన్నట్లే సెప్టెంబర్‌లో బడి నుంచి మొదటిసారి ఫిర్యాదు వచ్చింది, తరగతిలో మాట్లాడుతోందని. చెల్లెలితో ఫ్యాన్ గొడవ ఇప్పుడు తిరగబడింది, పెంచమని ఇదే అంటోంది.

ఒక సందేహం. ఇది వంశంలో వస్తుందా? చిన్నదానికీ పరీక్ష చేయించాలా?

పిల్లల వైద్యుడు (కడప) · డిసెంబర్ 30, మధ్యాహ్నం 1:20

చాలా సంతోషం. బరువూ ఎత్తూ మారాయి కాబట్టి డోసు సరిపోతోందో లేదో మూడు నెలలకొకసారి చూపించుకోండి. ఈ రకం థైరాయిడ్ కుటుంబాల్లో కనిపిస్తుంది. చిన్నమ్మాయి ఏటా 5 సెంటీమీటర్లు పెరుగుతుంటే ప్రమాదం లేదు, అయినా ఒకసారి చేయించండి. మీరు కూడా చేయించుకోండి.

చిత్రావతి అమ్మ (అనంతపురం) · జనవరి 6, ఉదయం 7:05

చిన్నదానిది మామూలుగానే ఉంది. నా టీఎస్‌హెచ్ 14 వచ్చింది, ఎక్కువే. కాళ్లు లాగడం, అలసట ఇంటిపని వల్లేననుకుంటూ వచ్చాను. ఆదివారం నుంచి నేనూ మాత్ర వేసుకుంటున్నాను. ఇద్దరి డోసులు వేరు కాబట్టి సీసాల మీద పేర్లు రాసి ఒకే అరలో పెట్టాం. పొద్దున ఆరింటికి అదే లేచి రెండు గ్లాసుల్లో నీళ్లు తెచ్చి నన్ను లేపుతోంది.